పాత లోహ వస్తువులపై అరిగిన ముద్రలు (కోనసీమ)

పాత లోహ వస్తువులపై అరిగిన ముద్రలు అనగా ఇత్తడి, రాగి, కంచు, వెండి, ఇనుము మొదలైన లోహాలతో చేసిన పాత వస్తువులపై తయారీదారు, వర్తకుడు, యజమాని లేక ప్రభుత్వం వేయించిన గుర్తులలో కాలక్రమంలో అరిగిపోయి సులభంగా చదవడానికి వీలులేనివి. వస్తువు ఏ కాలానిది, ఎక్కడ తయారైనది, ఏ లోహంతో చేసినది అన్న విషయాలు తెలుసుకోవడానికి ఈ గుర్తులు ముఖ్యమైన ఆధారాలు. ఈ వ్యాసం ప్రధానంగా కోనసీమలోను (అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలు), దాని ఇరుగుపొరుగు గోదావరి మండలాలలోను కనిపించే వస్తువుల గురించినది.

నేపథ్యం

కోనసీమ గౌతమి, వసిష్ఠ పాయలకు, బంగాళాఖాతానికి మధ్య ఉన్న డెల్టా భూమి. వైనతేయ పాయ దీని నడుమ ప్రవహిస్తుంది. 2022 ఏప్రిల్ 4న ఇది అమలాపురం కేంద్రంగా ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. నదీముఖాలు దగ్గరగా ఉండడం వలన ఈ ప్రాంతానికి సముద్ర వ్యాపారంతో చాలా కాలంగా సంబంధం ఉంది. అమలాపురం సమీపంలోని బెండమూర్లంకలో 18వ శతాబ్దంలో ఆంగ్లేయుల వర్తక స్థావరం ఉండేది. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ దానిని వశపరచుకున్నాడు. వసిష్ఠకు ఆవలి ఒడ్డున నరసాపురం పక్కనున్న మాధవాయపాలెంలో ఆంగ్లేయులు, పాలకొల్లులో డచ్చివారు, గౌతమికి ఆవల యానాంలో ఫ్రెంచివారు వర్తకం సాగించారు. అందువలన ఇక్కడి పాత పెట్టెలలో స్థానికంగా పోతపోసిన కంచుగిన్నె పక్కనే యూరపు నుండి వచ్చిన నాణెమో, దీపమో కనబడడం వింత కాదు.

స్థానిక ఇత్తడి సామానుకు పేరున్న ఊరు అజ్జరం. ఇది పెరవలి మండలంలో, వసిష్ఠకు పశ్చిమాన ఉన్నది. 2022 వరకు పశ్చిమ గోదావరి జిల్లాలోను, తరువాత తూర్పు గోదావరి జిల్లాలోను చేరినది. బిందెలు, గంగాళాలు, గుండిగలు, గంటలు, దీపపు కుందులు ఇక్కడి నుండి డెల్టా అంతటికీ వెళ్ళేవి. అయితే ఇటువంటి స్థానిక పాత్రలలో అధికభాగంపై చేసినవాని గుర్తు ఉండదు. కొన్నవాని పేరు ఉంటుంది. ఈ తేడా తెలియకపోవడం వలననే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. పాత్ర భుజం మీద చుక్కలతో కొట్టిన పేరును తయారీదారు పేరుగా భావించి, ఎన్నడూ లేని ఒక "కంపెనీ"ని ఊహించుకున్నవారు ఉన్నారు.

ముద్రలలో రకాలు

తయారైన విధానాన్ని బట్టి చూస్తే ముద్రలు మూడు తెగలు. మొదటిది పోతముద్ర. మూసలోనే అక్షరాలను తిరగేసి చెక్కి పోత పోయడం వలన వస్తువు మీద అక్షరాలు ఉబ్బెత్తుగా వస్తాయి. గంటలు, తూకపు గుండ్లు, ఇనుప సామాను మీద ఇవి ఎక్కువ. రెండవది అచ్చుముద్ర. ఉక్కు అచ్చును సుత్తితో కొట్టడం వలన గుర్తు లోపలికి దిగుతుంది. వెండి వస్తువుల ముద్రలు, కొలపాత్రల మీది సర్కారు ముద్రలు ఈ తెగవి. మూడవది చెక్కుడు. సన్నని ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టి గాని, గీతగా గీసి గాని రాసేది. పెళ్ళిసారె పాత్రల మీద "పేర్లు కొట్టించడం" ఈ తెగలోనిదే.

ఈ మూడూ ఒకే తీరున అరగవు. ఉబ్బెత్తు అక్షరం పైనుండి అరుగుతుంది. ముందు అంచుల పదును పోతుంది, తరువాత సన్నని కొమ్ములు పోతాయి, చివరికి లావుపాటి గుండ్రాలు మాత్రం మిగులుతాయి. అచ్చుముద్రలో ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. చుట్టూ ఉన్న లోహం అరిగి గుంట లోతు తగ్గుతుంది కనుక లోతుగా దిగిన గీతలు చివరివరకు మిగులుతాయి. సుత్తిదెబ్బ ఒకవైపుకు వాలితే ముద్రలో ఆ వైపు మొదటి నుండే లోతు ఎక్కువ. సగం ముద్ర మాత్రమే కనబడినపుడు రెండవ సగం అరిగినదా, అసలు పడలేదా అన్నది ఈ వాలును బట్టి చెప్పవచ్చు. చుక్కల రాతలో గీత అనేది ఉండదు. కొన్ని చుక్కలు పోయినా మిగిలినవాటిని కలిపితే అక్షరం వస్తుంది. కనుక ఎంతో అరిగినట్లు కనిపించే ఈ రాతే తరచు అన్నిటికంటె సులభంగా చదవబడుతుంది.

చేసినవాని పేరు: నందంపూడి శాసనం

లోహం మీద పనివాని పేరు నిలిచిన ప్రసిద్ధ ఉదాహరణ ఈ సీమకు చెందినదే. తూర్పు చాళుక్య రాజు రాజరాజ నరేంద్రుడు తన 32వ పాలనా సంవత్సరంలో (సుమారు 1053) నారాయణభట్టుకు నందంపూడి గ్రామాన్ని అగ్రహారంగా ఇస్తూ వేయించిన తామ్రశాసనం నందంపూడి శాసనంగా ప్రసిద్ధం. ఆ గ్రామం "రెండేరుల నడిమి విషయం"లో ఉన్నట్లు శాసనం చెబుతున్నది. కోనసీమకు ఇంతకంటె తగిన పేరు దొరకదు. శాసనాన్ని రచించినవాడు నన్నయభట్టు కాగా, రాగిరేకులపై రాసినవాడు గండాచార్యుడు. రాజు, కవి, దానగ్రహీతలతోపాటు పనివాని పేరు కూడా రేకుమీదికి ఎక్కింది.

తూర్పు చాళుక్యుల తామ్రశాసనాల రేకులను గుచ్చిన కడియానికి రాజముద్ర ఉంటుంది. వరాహం, సూర్యచంద్రులు, అంకుశం, పద్మం, "శ్రీ త్రిభువనాంకుశ" అన్న బిరుదు ఈ ముద్రలలో సాధారణం. ముద్ర అరిగినపుడు మొదట పోయేవి బిరుదులోని అక్షరాలు. వరాహం శరీరం ఎత్తుగా ఉంటుంది కనుక గుర్తుపట్టే స్థితిలో నిలుస్తుంది. బొమ్మలు ఉన్న స్థానాలే వంశాన్ని తెలుపుతాయి కాబట్టి అక్షరం ఒక్కటి లేకపోయినా ముద్ర ఎవరిదో చెప్పడానికి వీలుంది.

అరుగుదలకు కారణాలు

కోనసీమ ఇళ్ళలో ఇత్తడి, రాగి పాత్రలను చింతపండు, బూడిద, ఇటుకపొడి వేసి కొబ్బరిపీచుతో తోమడం తరతరాల అలవాటు. చింతపండులోని ఆమ్లం చిలుమును కరిగిస్తుంది. బూడిద, ఇటుకపొడి గరుకుగా ఉండి లోహాన్ని కొద్దికొద్దిగా గీరేస్తాయి. రోజూ వాడిన చెంబు మీది పేరు రెండు తరాలలో మాసిపోవచ్చు. అదే పండుగకు మాత్రం బయటికి తీసే గంగాళం మీది పేరు చెక్కుచెదరకుండా ఉండవచ్చు. కనుక అరుగుదలను చూసి వయసు లెక్కగట్టడం సరికాదు. చేయి తగిలే చోటు, పీచు తిరిగే చోటు ముందు అరుగుతాయి. అంచు కింద, పిడి వెనుక, అడుగున కుదురు లోపల ఉన్న గుర్తులు మిగులుతాయి. ముద్రను వెదికేటపుడు ఈ చోట్లతోనే మొదలుపెట్టాలి.

సముద్రపు గాలిలోని ఉప్పు మరొక కారణం. రాగి, కంచులపై క్లోరైడు చేరితే లేత ఆకుపచ్చ పొడి పొడిగా లేచే చిలుము పుట్టి, తేమ ఉన్నంతకాలం లోపలికి తొలుస్తూనే ఉంటుంది. నున్నగా, గట్టిగా, ముదురు రంగులో ఉండే పాత చిలుము పొర ఇటువంటిది కాదు. అది లోహాన్ని కాపాడుతుంది, అక్షరాల అంచులను కూడా తనలో నిలుపుకుంటుంది. దానిని గీకివేస్తే అక్షరం కూడా పోతుంది.

చదివే పద్ధతులు

అన్నిటికంటె తేలికైనది ఏటవాలు వెలుగు. చీకటి గదిలో దీపాన్ని లేదా టార్చిని వస్తువు ఉపరితలానికి దాదాపు సమాంతరంగా పెట్టి, చుట్టూ నెమ్మదిగా తిప్పుతూ చూడాలి. ఒక దిక్కు నుండి కనబడని గీత మరొక దిక్కు నుండి నీడగా కనబడుతుంది. వస్తువును, కెమెరాను కదల్చకుండా వెలుగును మాత్రమే మార్చి పలు ఫోటోలు తీసి పోల్చడం ఇంకా మేలు. ఇదే సూత్రాన్ని 2001లో హ్యూలెట్ ప్యాకార్డ్ పరిశోధకులు కంప్యూటరు పద్ధతిగా మలిచారు. ఇప్పుడు ప్రపంచవ్యాప్తంగా మ్యూజియములు శాసనాలు, నాణేలు చదవడానికి దానిని వాడుతున్నాయి.

పలుచని కాగితాన్ని ముద్రపై అదిమిపట్టి మెత్తని పెన్సిలుతో రుద్దడం రెండవ పద్ధతి. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం కూడా ఉపయోగకరం. శాసన పరిశోధకులు రాళ్ళ మీద తడికాగితం, సిరాతో తీసే అచ్చుప్రతిని ఇంటి పాత్రల మీద ప్రయత్నించరాదు, తడి చిలుమును రేపుతుంది.

నేరపరిశోధనలో తుపాకులు, వాహనాలపై ఆకురాయితో చెరిపివేసిన సంఖ్యలను ఆమ్లాలతో తిరిగి రప్పించే విధానం ఒకటి ఉంది. అచ్చు దెబ్బకు గుంట అడుగున ఉన్న లోహం కూడా నలుగుతుంది. గుంట మాయమైనా నలిగిన భాగం మిగిలిన లోహం కంటె భిన్నంగా కరుగుతుంది కనుక అంకె నీడలాగా తేలుతుంది. రాగి, ఇత్తడి విషయంలో ఫెర్రిక్ క్లోరైడు ఈ పని చేయగలదు. కాని ఇది ఉపరితలాన్ని శాశ్వతంగా తినివేస్తుంది. పోతముద్రకు దెబ్బ అనేదే లేదు కనుక అక్కడ ఈ విధానం అసలు పనిచేయదు. పాత వస్తువుపై దీనిని ప్రయోగించడం తగదు.

తెలుగు అక్షరాలలో కొన్ని అరిగినపుడు ఒకదానినొకటి పోలుతాయి. అడుగున ఉండే చిన్న ఒత్తుగీత పోతే "ధ" "ద"గాను, "ఛ" "చ"గాను, "ఫ" "ప"గాను కనబడతాయి. "ప", "వ"ల మధ్య తేడా చిన్న ఖాళీ మాత్రమే. అందులో చిలుము నిండితే తేడా ఉండదు. అంకెలలో ౨, ౩ తరచు తారుమారవుతాయి. ౧ కింది ఖాళీ మూసుకుపోతే ౦ అవుతుంది.

తూకంతో సరిచూడడం

కొన్ని పాత పాత్రలపై పేరుతోపాటు తూకం కూడా చెక్కబడి ఉంటుంది. "వీ" అంటే వీశెలు, "ప" అంటే పలములు, "తు" అంటే తులాలు. మద్రాసు రాజధాని లెక్కలో 3 తులాలు ఒక పలము, 40 పలములు ఒక వీశె. తులం దాదాపు 11.66 గ్రాములు కనుక పలము సుమారు 35 గ్రాములు, వీశె సుమారు 1.4 కిలోలు. అరిగిన అంకెను సరిచూడడానికి త్రాసును మించిన సాక్షి లేదు.

ఉదాహరణకు ఒక గంగాళంపై "వీ" తరువాతి అంకె ౨ అో ౩ అో తెలియక, ఆపైన "ప ౨౦" స్పష్టంగా ఉన్నదనుకుందాం. అంకె ౨ అయితే గంగాళం 3.5 కిలోలు, ౩ అయితే 4.9 కిలోలు తూగాలి. ఇప్పుడు అది 4.8 కిలోలు తూగితే అంకె ౩ అని నిశ్చయంగా చెప్పవచ్చు. తక్కువైన 100 గ్రాములు తోముడుకు పోయిన లోహం. పాత్ర చెక్కిన తూకం కంటె బాగా ఎక్కువ తూగితే మాత్రం అనుమానించాలి. అడుగు మార్చి అతికించి ఉండవచ్చు, లేదా లోపల కళాయి పొరలు పేరుకొని ఉండవచ్చు.

సంవత్సరాల పేర్లు

స్థానిక వస్తువులపై తేదీ ఉంటే అది తరచు తెలుగు సంవత్సరం పేరుతో ఉంటుంది. ఈ పేర్లు 60 ఏళ్ళకొకసారి తిరిగి వస్తాయి కనుక పేరు పూర్తిగా చదివినా చక్రం ఏదో తేల్చుకోవాలి. పేరు సగం అరిగితే చిక్కు రెట్టింపు. "...విళంబి" అని మిగిలితే అది విళంబి కావచ్చు, ముందు "హే" పోయిన హేవిళంబి కావచ్చు. హేవిళంబి 1897-98, 1957-58లలోను, విళంబి 1898-99, 1958-59లలోను వచ్చాయి. అలాగే "విరోధి..." అన్నచోట చివర అరిగి ఉంటే అది విరోధి (1889-90, 1949-50) కావచ్చు, విరోధికృతు (1911-12, 1971-72) కావచ్చు. ఒక సంవత్సరపు తేడాను పట్టించుకోకపోయినా 60 ఏళ్ళ తేడాను తేల్చక తప్పదు. అందుకు తూకపు ప్రమాణం తోడ్పడుతుంది. మెట్రిక్ తూకాలు 1958 నుండి దశలవారీగా అమలులోకి వచ్చాయి కనుక వీశెలలో తూకం ఉన్న పాత్ర సాధారణంగా అంతకు ముందరిది. గ్రాములలో ఉంటే తరువాతిది.

కంపెనీల గుర్తులు

ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ తన సరుకు మూటలపై వేసిన గుర్తు హృదయాకారంలో ఉండి, లోపల గీతలతో గదులుగా విడివడి, పైన 4 అంకెను పోలిన కొమ్ము కలిగి ఉంటుంది. గదులలో వి, ఇ, ఐ, సి అన్న ఆంగ్లాక్షరాలు ఉంటాయి. ఈ "వి" నిజానికి "యు" అక్షరానికి పాత రూపం. ఉత్తర సర్కారుల కోసం ఇంగ్లండులోని బర్మింగ్‌హాం సోహో టంకశాలలో 1794, 1797 సంవత్సరాలతో ముద్రించిన రాగి నాణేలపై ఈ గుర్తు ఉంది. రూపాయికి 48 చొప్పున, 96 చొప్పున చెల్లే ఈ నాణేలు కోనసీమ వంటి చోట్ల చెలామణి కోసమే ఉద్దేశింపబడినవి. బాగా అరిగిన నాణెంలో గదులలోని అక్షరాలు పోయినా హృదయం గీత, పైకొమ్ము మిగులుతాయి. తరువాత 1803, 1808 సంవత్సరాలతో సోహోలోనే 20 కాసులు, 10 కాసుల నాణేలు తయారైనాయి. వీటిని తెస్తున్న అడ్మిరల్ గార్డ్నర్ అన్న ఓడ 1809లో ఇంగ్లండు తీరాన మునిగిపోయింది. ఆ ఓడ నుండి తీసిన నాణేలు ఇప్పటికీ సేకర్తల మార్కెట్టులో అమ్ముడవుతున్నాయి. అందుచేత 1808 నాటి నాణెం దొరికినంత మాత్రాన అది గోదావరి నేలపై తిరిగినదని అనలేము.

డచ్చి కంపెనీ గుర్తు పెద్ద "వి", దాని ఎడమ కొమ్మునకు "ఓ", కుడి కొమ్మునకు "సి" పెనవేసినది. నాణెం రెండవ వైపు డచ్చి రాష్ట్రాల చిహ్నాలలో ఒకటి ఉంటుంది. అలల నుండి పైకి లేచే సింహం ఉంటే అది జీలండు. సింహం అరిగిపోయి కింద అలల గీతలు మాత్రం మిగిలినా సరిపోతుంది. డచ్చి కంపెనీ 1799 చివరలో రద్దయింది. వారి ఇక్కడి స్థావరాలు 1824 ఒప్పందం ప్రకారం 1825లో ఆంగ్లేయులకు దక్కాయి.

దిగుమతి సరుకు, కొలపాత్రలు

19వ శతాబ్దం మధ్య నుండి బ్రిటిషు సామానుపై కనిపించే గుర్తులు కాలనిర్ణయానికి తోడ్పడతాయి. డిజైను నమోదును తెలిపే డైమండు ఆకారపు గుర్తు 1842 నుండి 1883 వరకు వాడుకలో ఉంది. 1884 నుండి దాని స్థానంలో "ఆర్‌డి" అన్న అక్షరాలతో నమోదు సంఖ్య వచ్చింది. స్వీడన్ నుండి వచ్చిన ప్రైమస్ స్టవ్వులపై 1911 నుండి తయారీ సంవత్సరాన్ని తెలిపే అక్షరం ఉంటుంది.

వెండి విషయంలో జాగ్రత్త అవసరం. ఇంగ్లండు వెండిపై నడిచే సింహం, నగర చిహ్నం (లండనుకు చిరుత తల, బర్మింగ్‌హాంకు లంగరు), సంవత్సరాక్షరం, పనివాని పొడి అక్షరాలు ఉంటాయి. "ఇ.పి.ఎన్.ఎస్." అన్న నాలుగు అక్షరాలను వేరువేరు చట్రాలలో కొట్టినపుడు అవి కూడా దూరానికి వెండి ముద్రల్లాగే కనబడతాయి. కాని వాటి అర్థం నికెలు మిశ్రమంపై వెండిపూత అని. జర్మన్ సిల్వర్‌లో పేరులో తప్ప వెండి లేదు. కిరీటం గుర్తు పాత షెఫీల్డు వెండిపై ఉంటుంది. అదే కిరీటం జీవన్‌లాల్ సంస్థ అల్యూమినియం పాత్రలకు వ్యాపారచిహ్నం. లోహం ఏదో ముందు చూసి, గుర్తును తరువాత చదవడం మంచిది. మనదేశంలో అల్యూమినియం పాత్రల తయారీ 1898లో మద్రాసు కళాశిల్ప పాఠశాలలో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ ప్రయోగాలతో మొదలైంది కనుక, "రెండు వందల ఏళ్ళనాటి" అల్యూమినియం చెంబు ఉండదు.

ధాన్యం కొలిచే కుంచం, అడ్డ, మానిక, తవ్వ, సోల, గిద్దెలపై తయారీదారు గుర్తు కంటె తనిఖీ ముద్రలు ఎక్కువ. తూనికలు కొలతల అధికారులు తనిఖీ చేసినపుడల్లా సంవత్సరాన్ని, సంవత్సరంలోని మూడునెలల భాగాన్ని తెలిపే అక్షరాన్ని వేస్తారు. ఒకదానిపై ఒకటి పడిన ఈ ముద్రలను విడదీసి చదివితే ఆ కొలపాత్ర ఎన్నేళ్ళు అంగడిలో ఉన్నదో తెలుస్తుంది.

పల్లెలలో బడిగంటగా వేలాడదీసిన రైలుపట్టా ముక్క కూడా చదవదగినదే. పట్టా నడిమి భాగంపై కర్మాగారం పేరు, సంవత్సరం ఉబ్బెత్తుగా ఉంటాయి. గౌతమి ఒడ్డున కోటిపల్లి వరకు 1928లో వచ్చిన రైలుమార్గాన్ని రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పీకివేసి, 2004లో తిరిగి వేశారు. అయితే పట్టాపై ఉన్న సంవత్సరం అది కర్మాగారంలో తయారైన ఏడాదినే తెలుపుతుంది, గంటగా కట్టిన ఏడాదిని కాదు.

నకిలీలు, మోసాలు

1616, 1717, 1818 వంటి సంవత్సరాలతో, ఒకవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, మరొకవైపు శ్రీరామ పట్టాభిషేకమో హనుమంతుడో ఉన్న "అర్ధణా" బిళ్ళలు సంతలలో విరివిగా దొరుకుతాయి. కంపెనీ ఇటువంటి నాణేలను ఎన్నడూ ముద్రించలేదు. అర్ధణా పేరుతో వచ్చిన కంపెనీ రాగి నాణేలపై దేవతల బొమ్మలు లేవు. ఈ బిళ్ళలపై అరుగుదల కూడా కల్పితమే. ఆమ్లంలో ముంచినందువలన ఎత్తుపల్లాలన్నీ ఒకేతీరుగా మాసి ఉంటాయి. చేతులు మారిన నిజమైన నాణెంలో ఎత్తైన భాగాలు అరిగి, అంచు పక్క పల్లాలలో అక్షరాలు పదునుగా మిగులుతాయి.

ఇంతకంటె ప్రమాదకరమైనది "రైస్ పుల్లింగ్" పేరుతో జరిగే మోసం. పిడుగుపడిన పాత రాగిచెంబులో ఇరిడియం చేరి బియ్యపు గింజలను ఆకర్షిస్తుందని, దానికి కోట్ల రూపాయల ధర పలుకుతుందని నమ్మబలికి, "పరీక్ష" ఖర్చుల పేరిట డబ్బు గుంజుతారు. చెంబుపై కంపెనీ పేరు, పాత సంవత్సరం చెక్కి ఉండడం ఈ నాటకంలో భాగం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఇటువంటి కేసులు పదేపదే నమోదయినాయి. పిడుగు వలన రాగి ఇరిడియంగా మారదు, ఇరిడియం బియ్యాన్ని లాగదు. గింజలు కదిలితే వాటికి ఇనుపపొడి పట్టించి అయస్కాంతం దాచి ఉంటారు. కొత్తగా చెక్కిన ముద్రను భూతద్దంతో చూస్తే గీత అడుగున లోహం మెరుస్తూ, చుట్టుపక్కల పాత గీరలను అడ్డంగా కోసుకుంటూ పోతుంది. నిజంగా పాతదైన ముద్ర మీదుగా తోముడు గీరలు పోతాయి.

చట్టం

పురావస్తువులు, కళానిధుల చట్టం (1972) ప్రకారం నూరేళ్ళకు తక్కువ కాని నాణేలు, శిల్పాలు, హస్తకళా వస్తువులు మొదలైనవి పురావస్తువులుగా పరిగణింపబడతాయి. ఈ చట్టం 1976 ఏప్రిల్ 5 నుండి అమలులోకి వచ్చింది. పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. వాటితో వ్యాపారం చేయడానికి లైసెన్సు కావాలి. భూమిలో దొరికిన నిక్షేపం విలువ పది రూపాయలు మించితే 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. ఇంట్లో వాడుకునే తాతలనాటి బిందెను ఉంచుకోవడానికి ఎవరి అనుమతి అక్కరలేదు.

ఈ బిందెలు చాలావరకు పాత సామాను కొట్లలో కిలోల లెక్కన అమ్ముడై కొలిమికి చేరుతున్నాయి. ఇచ్చేముందు పేరు, తూకం, సంవత్సరం ఉన్న చోటును ఏటవాలు వెలుగులో ఒక ఫోటో తీసి, పాత్ర ప్రస్తుత తూకాన్ని, అది ఏ ఊరి నుండి ఏ ఇంటికి వచ్చినదో రాసి ఉంచడానికి పది నిమిషాలు చాలు. పనివారి పేర్లు లేని చోట పాత్ర ప్రయాణాన్ని తెలిపే ఆధారం తరచు ఆ పేరూ, ఆ తూకమే.